మీకు గాని, మీ యనుమతి పొందినవారికి గాని

మా యింట నొక ఇనుపపెట్టె కలదు. మా ముత్తాతగారు బళ్లారికి వచ్చి కాపురము పెట్టిననాడు కొన్నదని పెద్దలు చెప్పుదురు. అందిప్పుడు నగలు లేవు, నాణెములు లేవు. పాత కాగితములు మాత్రమే యున్నవి. శిస్తు రసీదులు, ఒకటి రెండు విక్రయ దస్తావేజులు, వానిక్రింద దారముతో కట్టిన ప్రామిసరీ నోట్లు. ఆ నోట్లన్నియు తెలుగున వ్రాసినవే. వీథిలో కన్నడము, కచేరీలో ఇంగ్లీషు వినబడు ఊరిలో అప్పుకాగితము మాత్రము ఇంటిభాషలో వ్రాయబడుచుండెను. ఈ సంచిక చదువు కుటుంబములు బళ్లారివి యగుగాక, హోసూరు, బరంపురము, షోలాపురము, యానాములవి యగుగాక, ఇట్టి పెట్టె లేని యిల్లు అరుదు.

ఆ నోట్లను వరుసగా చదివినచో వ్రాసినవారి దస్తూరి మారును, ఊరి పేరు మారును, మొత్తము మారును గాని వాక్యము మాత్రము మారదు. "నా కుటుంబపు ఖర్చుల నిమిత్తము మీవద్ద రొక్కముగా పుచ్చుకొన్నది అక్షరాలా ఇన్ని రూపాయలు, ఈ రూపాయలకు నెల 1 కి నూటికి రూపాయి వడ్డీతో మీరు కోరినప్పుడు మీకు గాని, మీ యనుమతి పొందినవారికి గాని చెల్లింపగలవాడను." చిన్ననాట నేనీ మాటలను లేఖరుల అలవాటుగా మాత్రమే తలచితిని. "మీకు" అనిన చాలదా, ఆ వెనుక వచ్చు నాలుగు మాటలేల యని యొకనాడు మా తండ్రిగారి నడిగితిని. "ఆ నాలుగు మాటలకే మీ తాత నూటయేబది రూపాయలు కట్టినాడు" అని వారు బదులు చెప్పిరి. ఆ కథ తరువాత చెప్పెదను. అది బోధపడవలెనన్న, అప్పుకాగితమునకు కాళ్లెట్లు వచ్చెనో ముందు తెలియవలెను.

మన దేశమున అప్పునకు పత్రము వ్రాయుట ఇంగ్లీషువారు నేర్పిన విద్య కాదు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయములో లేఖ్యమునకు ప్రత్యేక ప్రకరణమే కలదు. పత్రమున సంవత్సరము, మాసము, పక్షము, దినము ఉండవలెను. ఉభయుల పేర్లు, తండ్రుల పేర్లు, గోత్రాదులు ఉండవలెను. పుచ్చుకొన్నవాడు, పైన వ్రాసినది నాకు సమ్మతమని తన చేతితో వ్రాయవలెను. సాక్షులు తమ పేర్లు వ్రాయవలెను. చివర లేఖకుడు, ఇరువురును కోరగా నేను వ్రాసితినని చెప్పుకొనవలెను. మన నోట్ల చివర నుండు "ఇందుకు సాక్షులు", "దస్తూరి" యను పంక్తులు ఎంత పాతవో దీనివలన తెలియును. ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య విక్రమాదిత్యుని ఆస్థానమువాడు. ఆ కల్యాణి నేటి కర్ణాటకములోని బసవకల్యాణము. దానిని పదుమూడవ శతాబ్దమున తిక్కన సమకాలికుడైన మూలఘటిక కేతన "విజ్ఞానేశ్వరీయము" పేర తెలుగున పద్యములుగా రచించెను. కన్నడసీమలో పుట్టిన ధర్మశాస్త్రము ఆ విధముగా తెలుగు పద్యమైనది.

ఆ ప్రకరణములో నాకు మిక్కిలి ముచ్చట గొలుపునవి రెండు నియమములు. అప్పును కొంచెము కొంచెముగా తీర్చునప్పుడు, ఇచ్చిన సొమ్మును ఆ పత్రము వీపుననే వ్రాయవలెనని యొకటి. అంతయు తీరిన పిదప పత్రమును చింపివేయవలెనని మరొకటి. మనవారు నోటు వెనుక "చెల్లు" వేయుట, తీరిన నోటును సంతకము చించి తిరిగి యిచ్చుట సరిగా ఇవియే. అయినను ఆ లేఖ్యము ఇంట నుండు కాగితమే. అది ఇచ్చినవానికిని పుచ్చుకొన్నవానికిని, వారి సంతతికిని కట్టుబడియుండెను. పత్రముపై చేసిన ఋణమును మూడు తరములవారు తీర్పవలెనని స్మృతి చెప్పుచున్నది. తరములు దాటుటయే గాని, సంతలో చేతులు మారుట దాని స్వభావము కాదు.

ఆ పని చేసినది హుండీ. హుండీ యనగానే మనకు తిరుమల కొండమీది హుండీ తలపునకు వచ్చును గాని, వర్తకుల హుండీ యనగా ఒక ఊరి వర్తకుడు వేరొక ఊరిలోని తనవానికి, ఫలానావారికి ఇంత సొమ్ము ఇమ్మని వ్రాసిన ఉత్తరువు. బళ్లారి వర్తకుడొకడు బొంబాయికి దూది పంపెననుకొందము. అతనికి బొంబాయినుండి సొమ్ము రావలసియున్నది. బళ్లారిలోనే మరియొక వర్తకుడు బట్టల నిమిత్తము బొంబాయికి సొమ్ము పంపవలసియున్నది. మొదటివాడు హుండీ వ్రాసి రెండవవానికి అమ్మును. రెండవవాడు దానిని బొంబాయికి పంపి అచ్చట తన బాకీ తీర్చుకొనును. వెండి ఒక్క రూపాయియు ఘాటు దిగలేదు. దొంగలకు దొరకునది కాగితమే. పదునేడవ శతాబ్దమున మన దేశమున పలుమారులు సంచరించిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, ఏ ఏ ఊరినుండి సూరతుపై హుండీకి ఎంత మారకము పట్టుచుండెనో పట్టికవలె వ్రాసిపెట్టెను. గోలకొండనుండి నూటికి 4 మొదలు 5 వరకు, ఢాకానుండి 10 వరకు. దూరమును, దారిభయమును, సొమ్ము నిలిచియుండు కాలమును ఆ అంకెలలో ఇమిడియున్నవి.

చూపినంతనే చెల్లింపవలసినది దర్శనీ హుండీ. గడువు గలది ముద్దతీ హుండీ. షాజోగు హుండీ యనునది బజారున పేరుగల షా, అనగా పరువుగల వర్తకుడు తెచ్చిననే చెల్లును. ఆ హుండీ దొంగిలింపబడినదనియో కల్పితమనియో తరువాత తేలినచో సొమ్ము పుచ్చుకొన్న షాయే తిరిగి యిచ్చుకొనవలెను. కావున తెలియనివాని చేతినుండి షా దానిని తీసికొనడు. పోలీసు లేని రక్షణ ఇది. జోఖ్మీ హుండీ మరియు విచిత్రము: సరుకు క్షేమముగా రేవు చేరిననే దాని సొమ్ము చెల్లును, ఓడ మునిగినచో హుండీయు మునుగును. అప్పును, భీమాయు ఒకే కాగితమున! మొత్తమును దిద్దకుండుటకు, ఇన్ని రూపాయలు, ఇందు సగము ఇంత, దానికి రెట్టింపు చెల్లింపుడని వ్రాయుట హుండీల ఆచారము. అసలు హుండీ పోయినచో దాని నకలు పేఠ్, అదియు పోయినచో పర్‌పేఠ్. చెల్లిపోయిన హుండీ ఖోఖా. ఇట్లు సంపూర్ణమైన శాస్త్రము వర్తకుల నోటను, చిట్టా ఆవర్జాలలోను నిలిచియుండెను గాని శాసనగ్రంథమున లేదు.

ఇంగ్లీషు ప్రభుత్వము దీనిని శాసనముగా వ్రాయ బూనినది 1866 లో. ఆనాటి లా కమీషను సిద్ధపరచిన ముసాయిదా ఇంగ్లండు పద్ధతికి పలుచోట్ల భిన్నముగా నున్నదని వర్తకులు ఆక్షేపించిరి. అది మార్పులు చేర్పులతో పదునైదేండ్లు నలిగి, తుదకు 1881 డిసెంబరు 9 న గవర్నరు జనరలు ఆమోదము పొంది, 1882 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చెను. అదియే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము. చేతులు మారు పత్రముల చట్టమని మనము చెప్పుకొనవచ్చును. ఇంగ్లండులో ఇట్టి చట్టము 1882 లో గాని పుట్టలేదు. గురువు కంటె శిష్యునికి ముందుగా పుస్తకము చేతికి వచ్చినది!

ఈ చట్టపు మొదటి సెక్షనులోనే మనబోటివారు గమనింపదగిన మాట కలదు. ప్రాచ్యభాషలో వ్రాసిన పత్రములకు సంబంధించిన స్థానికాచారమును ఈ చట్టము భంగపరచదని అందున్నది. పత్రము వ్రాసినవారే ఈ చట్టము మాకు వర్తింపవలెనని వాచ్యముగా చేర్చుకొన్ననే ఆచారము తొలగును. కావున ఇంగ్లీషున వ్రాసిన బిల్లునకు చట్టము, తెలుగున గాని మహాజనీ లిపిలో గాని వ్రాసిన హుండీకి ఆచారము. అయితే ఆచారము కలదనువాడు దానిని కోర్టులో ఋజువుచేయవలెను. చేయలేనిచో చట్టమే వర్తించును. కాలక్రమమున వర్తకులు తమంతట తామే ఆచారములను విడిచి చట్టపు దారికి వత్తురని చట్టకర్తల ఆశ. ఆ ఆశ చాలవరకు నెరవేరినదనియే చెప్పవలెను. అది మంచికో చెడ్డకో నేను తేల్చలేను. షాజోగు హుండీలోని షా వంటివాడు మాత్రము చట్టములో ఎచ్చటను లేడు.

మన యిండ్లలో హుండీకంటె ఎక్కువగా వాడబడినది ప్రామిసరీ నోటే గనుక దానిని కొంచెము నిదానముగా చూతము. షరతు లేకుండ, నిశ్చితమైన సొమ్మును, నిశ్చితమైన వ్యక్తికి గాని అతని యుత్తరువు పొందినవారికి గాని, లేక పత్రము తెచ్చినవారికి గాని చెల్లింతునని వ్రాసి సంతకము చేసినదే నోటని చట్టము 4 వ సెక్షను. (పత్రము తెచ్చినవారికి చెల్లింతునని నోటు వ్రాయుట 1934 నాటి రిజర్వుబ్యాంకు చట్టము 1946 లో సవరింపబడిన పిమ్మట మనకు నిషిద్ధము, అది కరెన్సీ నోటుతో పోటీయగును.) ఆ సెక్షను క్రింద నిచ్చిన ఉదాహరణములు చదువ వేడుకగా నుండును. ఫలానా స్త్రీతో నాకు వివాహమైన ఏడు దినములకు అయిదువందలు చెల్లింతునని వ్రాసినది నోటు కాదు. పెండ్లి జరుగునో జరుగదో ఎవరికి తెలియును? అయిదువందలతోపాటు నా నల్లగుఱ్ఱమును ఇత్తునన్నను నోటు కాదు. అది కేవలము సొమ్ము కాదు గనుక. మన పల్లెలలో నూరు రూపాయలును రెండు పుట్ల వడ్లును కలిపి వ్రాయించుకొన్న కాగితములు ఈ గుఱ్ఱము వెంటనే పోవును. అంకెలలో నొకటి, అక్షరములలో నొకటి యున్నచో అక్షరములలో నున్నదే చెల్లునని 18 వ సెక్షను. మన లేఖరులు "అక్షరాలా" అని మొదలుపెట్టుట ఊరక కాదు.

ఇక ఆ నాలుగు మాటల సంగతి. "మీ యనుమతి పొందినవారికి" అని యున్నచో నోటు పుచ్చుకొన్నవాడు దాని వెనుక రెండు పంక్తులు వ్రాసి సంతకము చేసి మరియొకరికి ఈయవచ్చును. మనవారు దీనినే మేడోవరు చేయుట యందురు. ఇంగ్లీషు మాటయే అయినను పల్లెటూరివారి నోట అది తెలుగైపోయినది. మొదట ఆ మాటలు లేనిదే నోటు చేతులు మారునా యన్న చర్చ యుండెను. 1919 లో 13 వ సెక్షనునకు వివరణము చేర్చి, బదలాయింపు కూడదని స్పష్టముగా లేనిచో మారవచ్చునని తేల్చిరి. అయినను ఆ మాటలకు వేరొకచోట విలువ మిగిలియున్నది. స్టాంపు చట్టము ప్రకారము, సాక్షి సంతకముండి, ఉత్తరువు పొందినవారికని గాని తెచ్చినవారికని గాని లేని అప్పుపత్రము బాండు; దానికి సుంకము హెచ్చు. నోటునకు సాక్షులు అవసరమే లేదు. కాని మనవారికి ఇరువురు సాక్షులు లేనిదే అప్పుకాగితముగా తోచదు. యాజ్ఞవల్క్యుని నాటి అలవాటు! సాక్షులుండియు అది నోటుగనే నిలుచుటకు ఆ నాలుగు మాటలే ఆధారము.

ఇందొక వింత మలుపు కలదు. స్టాంపు లేని బాండును జరిమానా కట్టి కోర్టులో దాఖలు చేయవచ్చును. స్టాంపు లేని నోటును ఎంత జరిమానా కట్టినను దాఖలు చేయ వీలులేదు. 1899 నాటి స్టాంపు చట్టము 35 వ సెక్షను అంత కఠినము. కావున స్టాంపు మరచిన ఋణదాత, తాను వ్రాయించుకొన్నది నోటు కాదు, బాండని వాదించును. ఋణస్థుడు, నేను వ్రాసినది నికరమైన నోటేయని వాదించును. ఇట్టి వ్యాజ్యములు మన న్యాయస్థానములలో కొల్లలు.

ఇప్పుడు మా తాతగారి కథ. 1931 వ సంవత్సరము. పత్తిధర పడిపోయినది. తాతగారికి కొద్దిపాటి నల్లరేగడి భూమి. విత్తనములకును, పురిటికి వచ్చిన కూతురి ఖర్చునకును నూరు రూపాయలు కావలసివచ్చెను. ఊరిలో వడ్డీవ్యాపారము చేయు నొకరు సొమ్ము చేతిలో పెట్టి, "రైలుకు వేళయినది, బావగారూ, మీరు స్టాంపుమీద వ్రాలు చేసి యిండు, తక్కినది లేఖరి తీరికగా వ్రాయును" అనిరి. బావగారని పిలుచునంత చనువు. తాతగారు అణా స్టాంపు అంటించిన తెల్లకాగితముపై చేవ్రాలు చేసి యిచ్చిరి. ఎనిమిది నెలల తరువాత వేరొక ఊరి వర్తకుడొకడు వాకిట నిలిచి నోటు చూపెను. అందు అక్షరాలా రెండువందల యేబది రూపాయలని యున్నది. వెనుక మేడోవరు. అతడు ఆ నోటునకు తగిన వెలయిచ్చి పుచ్చుకొన్నవాడు. తాతగారి నూరు రూపాయల సంగతి ఎరుగనివాడు. మర్యాదస్థుడే, కసరినది లేదు.

తాతగారు ప్లీడరునొద్దకు పోయిరి. ప్లీడరు చట్టము తెరచి 20 వ సెక్షను చూపెను. స్టాంపు గల ఖాళీకాగితముపై సంతకము చేసి యిచ్చినవాడు, ఆ స్టాంపు పట్టునంత మొత్తమువరకు దానిని పూరించుకొనుటకు అధికార మిచ్చినట్లే యని అందున్నది. 1923 నుండి కోరినప్పుడు చెల్లింపవలసిన నోటునకు 250 రూపాయలవరకు అణా, వేయివరకు రెండణాలు, ఆపైన ఎంతయైనను నాలుగణాలు. వ్యాపారి తెలివి తక్కువవాడు కాదు. అణా స్టాంపు మోయగల కడపటి రూపాయివరకు పూరించెను. అయితే అదే సెక్షను చివర తాతగారి పక్షమున నొక వాక్యము కలదు: ఇచ్చినవాడే దావా తెచ్చినచో, అనుకొన్న మొత్తమునకు మించి రాబట్టలేడు. నోటు అతని చేతనే యుండినచో తాతగారి బాకీ నూరే. అది సద్భావముతో, వెలయిచ్చి, గడువు దాటకముందు పుచ్చుకొన్న మూడవవాని చేతికి పోవుటతో రెండువందల యేబది యైనది. దొంగసొత్తు కొన్నవానికి ఆ సొత్తుపై హక్కు లేదు. ఆవును దొంగిలించి అమ్మినచో, కొన్నవాడెంత అమాయకుడైనను, సొంతదారు తోలుకొనిపోవచ్చును. చేతులు మారు పత్రము విషయములో మాత్రము ఇచ్చినవానికంటె పుచ్చుకొన్నవానికి మేలైన హక్కు కలుగును. ఈ చట్టమునకు ప్రాణమదియే. నోటు చేతికి వచ్చినప్పుడెల్ల దాని పుట్టుపూర్వోత్తరములు విచారింపవలసివచ్చినచో ఏ వర్తకుడును దానిని ముట్టడు. ఊరూరి వర్తకము నడచుటకు ఒక్కొక్క ఇంట నిట్టి నష్టము వాటిల్లవచ్చునని చట్టము ఎరిగియే అంగీకరించినది.

వ్యాపారి అప్పటికే ఊరు విడిచెను. తాతగారు వర్తకునికి నాలుగేండ్లలో ఏడు వాయిదాలుగా 1935 నాటికి బాకీ తీర్చిరి. ప్రతి వాయిదాకును నోటు వీపున చెల్లు, దానిక్రింద చేవ్రాలు. ఆ చెల్లుల వలన మరియొక ఫలితము కలదు: నోటునకు మూడేండ్లకు కాలదోషము పట్టును, సంతకముతో చెల్లు పడినప్పుడెల్ల ఆ మూడేండ్లు మరల మొదలగును. కట్టినకొలది బాకీ తరుగును, దావా ఆయువు పెరుగును. మా నాయనమ్మ ఆ నోటు చూచినప్పుడెల్ల, "నూరు మేము తింటిమి, తక్కిన నూటయేబది ఎవరు తినిరో ఈ కాగితమునకే తెలియును" అనెడిది.

తాతగారు మరి మూడేండ్లు ఆలస్యముగా కట్టియుండినచో కథ వేరుగా నుండెడిది. 1938 మార్చిలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టము అమలునకు వచ్చెను. 1932 అక్టోబరు 1 కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ యంతయు రద్దు. అసలునకు రెట్టింపు సొమ్ము అప్పటికే చెల్లియుండినచో అప్పే రద్దు. ఈ రెట్టింపు లెక్క ధర్మశాస్త్రములో పాతదే. వడ్డీ అసలును మించరాదను దామ్‌దుపట్ నియమము బొంబాయి రాజధానిలో హిందువుల అప్పులకు కోర్టులు వర్తింపజేయుచుండెను గనుక షోలాపురపు మన నేతవారికి అది తెలిసినదే. మద్రాసు రాజధాని కోర్టులు దానిని అంగీకరింపలేదు. కావున బళ్లారివారికి 1938 వరకు ఆ ఆసరా లేదు. ఇక బరంపురమువారి గతి మరియు చిత్రము. గంజాము 1936 ఏప్రిలు 1 న ఒరిస్సాలో చేరుటచే, రెండేండ్లకు వచ్చిన మద్రాసు చట్టము వారికి వర్తింపలేదు. సరిహద్దునకు ఈవల బావమరదికి వడ్డీ రద్దు, ఆవల బావకు లేదు.

అయితే ఋణదాతలు ఊరకుండలేదు. ప్రామిసరీ నోట్లు కేంద్రమునకు చెందిన విషయము, రాష్ట్రశాసనసభ వానిని తాకరాదని వాదించిరి. వాదము పసలేనిది కాదు. 1935 నాటి చట్టములో చెక్కులు, హుండీలు, నోట్లు కేంద్రపు జాబితాలోనే యుండెను, నేటి రాజ్యాంగములోను అట్లే యున్నవి. 1940 లో ఫెడరల్ కోర్టు, నోటుపై ఒకమారు డిక్రీ యైన పిమ్మట అది నోటు కాదు, డిక్రీబాకీ యగునని చెప్పి మద్రాసు చట్టమును అంతవరకు నిలిపెను. డిక్రీ కాని నోటు సంగతి తేలలేదు. 1947 లో వంగదేశపు వడ్డీవ్యాపార చట్టమును గూర్చిన వ్యాజ్యమున ప్రివీ కౌన్సిలు దానిని తేల్చెను: చట్టపు అసలు ఉద్దేశము వడ్డీవ్యాపారమును కట్టుబెట్టుటయైనచో, దారిలో నోట్లకు కొంత తగిలినంతమాత్రమున అది చెల్లకపోదు.

యానామువారి దారి వేరు. ఫ్రెంచి ఇండియాలో ఫ్రెంచి సంహితలు 1819 లో అమలునకు వచ్చెను గనుక అచ్చట నోటును, హుండీయు 1807 నాటి ఫ్రెంచి వాణిజ్య సంహిత క్రిందివి. ఆ సంహిత మొదటి రూపమున, ఒక ఊరినుండి వేరొక ఊరిపై వ్రాసిననే అది మారకపు హుండీ. ఉన్న ఊరిలోనే వ్రాసుకొన్నది కాదు. మన పాత హుండీయొక్క పుట్టుకకు ఇంగ్లీషు చట్టముకంటె ఇదియే దగ్గర. 1954 లో యానాము భారతదేశములో కలిసెను. భారతచట్టములు 1963 లో అచ్చటికి విస్తరింపబడెను. కాకినాడకు కూతవేటు దూరములోనే రెండు శాసనముల క్రింద అప్పులు నడచినవి.

తరువాతి కాలము చెక్కుది. చెక్కు వేరు జాతి కాదు. బ్యాంకుపై వ్రాసి, కోరినంతనే చెల్లింపవలసిన హుండీయే. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923 లో బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు మూలమున తెలుగు గృహస్థులనేకులకు అది పరిచయమైనది. ఆ బ్యాంకు 2020 ఏప్రిలు 1 న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. చెల్లని నోటు ఎన్నడును సివిలు బాకీయే. చెల్లని చెక్కు మాత్రము 1989 ఏప్రిలు 1 నుండి, 138 వ సెక్షను క్రింద, నేరమైనది. బ్యాంకు త్రిప్పిపంపిన కబురందిన 30 దినములలో నోటీసు ఈయవలెను. నోటీసు అందిన 15 దినములలో సొమ్ము కట్టినచో నేరము లేదు. కట్టనిచో రెండేండ్లవరకు శిక్షయో, చెక్కునకు రెట్టింపువరకు జరిమానాయో, రెండునో. చెక్కు నేడు వ్రాసిన తేదీనుండి మూడు నెలలే చెల్లును. 2012 కు ముందు ఆరు నెలలుండెను.

తాతగారి తెల్లకాగితమునకు నేటి రూపము ఖాళీ చెక్కు. స్టాంపు అణాయైనందున తాతగారి నష్టము 250 రూపాయల దగ్గర ఆగినది. దశాంశ నాణెములు వచ్చిన పిదప వేయికి పైబడిన నోటునకు 25 పైసలు. నేడు మనము అలవాటుగా అంటించు రూపాయి స్టాంపు కోటి రూపాయలనైనను మోయగలదు. చెక్కునకు ఆ కట్టును లేదు. స్వచ్ఛందముగా సంతకము చేసి యిచ్చిన ఖాళీ చెక్కును పుచ్చుకొన్నవాడు పూరించుకొన్నను, అది బాకీ నిమిత్తమే యిచ్చినదని చట్టము మొదట తలచుననియు, కాదని చూపు భారము సంతకము చేసినవానిదే యనియు సుప్రీం కోర్టు 2019 లో చెప్పినది. ఆ భారము మోయరానిది కాదు. సాక్ష్యముల బరువు తనవైపు మొగ్గిన చాలును. కాని తెల్లకాగితమునకు సాక్ష్యమేది?

మొన్న మా పెద్దవాడు ఇంటి మరమ్మతునకై అప్పుచేయబోయి, సొమ్ము ఇచ్చువారు మూడు ఖాళీ చెక్కులు సంతకముతో అడిగిరని ఇంటికి వచ్చి చెప్పెను. పెట్టె తీసి తాతగారి నోటు అతని చేతిలో పెట్టితిని. స్టాంపును చేవ్రాలును ఉండవలసినచోట చించిన గురుతు, వీపున ఏడు చెల్లులు. అతడు రెండుమారులు త్రిప్పి చూచి, రెండు చెక్కులు జేబులోనుండి తీసి బల్లపై నుంచెను. మూడవది అప్పటికే ఇచ్చివచ్చెనట. మరునాడు పోయి, అప్పు మొత్తమును తేదీని తన చేతితో అందు వ్రాసి, దాని నకలు తీసికొని వచ్చెను. ఆ నకలును ఇనుపపెట్టెలోని కట్టలోనే కట్టియుంచితిమి.